అమ్మ దండెం మీద లాగిన వైరు

టెస్టర్‌లో ఎర్ర చుక్క వెలిగింది. జరిగింది అంతే. ఎవరూ పడిపోలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. మా అమ్మ రెండడుగుల దూరంలో తడి పాదాలతో, చేతిలో వెదురు కర్రతో నిలబడి ఉంది. ఆ కర్రతోనే అప్పుడే తన తడి చీరను దండెం తీగ మీదికి ఎక్కించింది. ఆ తీగలో కరెంటు ఉంది. అప్పటికి మూడు రోజులుగా ఉంది. దాన్ని అక్కడికి చేర్చింది ఎవరో కాదు, నేను.

ఏడాది దాటింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు భయమేస్తోంది. నన్ను ఎరిగినవాళ్ళు నమ్మరు. తాడేపల్లిగూడెం బజారులో స్టీలు సామాన్ల కొట్టు నడుపుకునే నాకు నోరు పెద్దది, భయం తక్కువ అని పేరు. ఆ పేరు ఆ ఉదయంతో పోయింది. ఎలా పోయిందో చెప్పాలంటే మా నాన్న దీపాల దగ్గర మొదలుపెట్టాలి.

నాన్న బతికున్నన్నాళ్ళూ దీపావళి నాడు మేడ మీది పిట్టగోడ ఆయనది. మట్టి ప్రమిదలు జానెడు జానెడు ఎడంగా వరసలో పెట్టేవారు. ఎవరైనా సాయం వస్తే వరస చెడుతుందని కసురుకునేవారు. అమ్మ ఒక్కతే మెట్ల గది గడప మీద కూర్చుని వత్తులు అందించేది. నాన్న పోయిన ఏడు మాకు పండగ లేదు. వీధంతా వెలుగుతుంటే మా ఇల్లొక్కటీ పన్ను ఊడిన చోటులా నల్లగా ఉంది. అమ్మ ఆ సాయంత్రం పెందలాడే తలుపు వేసుకుని పడుకుంది. భోజనానికి లేపితే ఆకలి లేదంది.

సంవత్సరీకాలు అయిపోయాక వచ్చిన దీపావళికి నేను ఊరుకోదలచుకోలేదు. ఫోన్‌లో ఏవో వీడియోలు చూశాను. ఎక్కడో ఎవరో పండక్కి ఇంటి నిండా బల్బులు చుట్టి, ఒక్కో బల్బూ కంప్యూటర్ చెప్పిన రంగులో, చెప్పిన క్షణంలో వెలిగేలా చేశారు. పాట సాగుతుంటే దీపాలు గోడల మీద పరిగెడుతున్నాయి. నాకు ఒకటి తలకెక్కిందంటే ఇక దిగదు. నెల రోజులు అదే ధ్యాస. గిరాకీ ఎదురుగా నిలబడి గిన్నె మోగించి చూసుకుంటుంటే నేను ఫోన్‌లో తల దూర్చి కూర్చునేవాణ్ణి.

మా ఆవిడ అడగనే అడిగింది. "ఏవండీ, కొట్టు మూసేసి కరెంటు పనిలో చేరతారా ఏవిటి?"

"చేరతాను. నీకేవైనా అభ్యంతరమా?" అన్నాను.

ఏలూరు వెళ్ళి బల్బుల దండలూ, వాటిని నడిపే చిన్న పెట్టే తెచ్చాను. కంప్యూటర్ మేడ మీద గదిలో ఉంటుంది, పెట్టె వీధివైపు పిట్టగోడ మీద ఉంటుంది. ఇది చెప్పిన మాట దానికి చేరాలి. ముందు వైఫైతో కలిపి చూశాను. పాట సగంలో ఉండగా దీపాలు ఎక్కడివక్కడ బిగుసుకుపోయేవి. పాటలో రాముడి పేరు దగ్గర నీలం రావాలంటే పచ్చగా వచ్చేది. విసుగెత్తి, మా కొట్లో కెమెరాలు పెట్టిన కొల్లేటికోట ఆయనకి ఫోన్ చేశాను. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. కొల్లేట్లో చేపల చెరువుల గట్ల మీద దొంగల భయానికి కెమెరాలు పెట్టించుకుంటారు, ఆయన అసలు పని అది.

"గాల్లో వచ్చేదాన్ని నమ్ముకోకండి షావుకారు గారూ. నెట్ వైరు లాగండి. బయట వాడేది వేరే ఉంటదండి, నల్లది, తోలు మందంగా ఉంటది. ఇంట్లో వాడే తెల్ల వైరు ఎండకి పెట్లిపోద్దండి" అన్నాడు.

ఎలా లాగాలో కళ్ళతో చూద్దామని ఒక ఆదివారం కొల్లేటికోట వెళ్ళాను. రోడ్డుకి రెండువైపులా నీళ్ళు, గట్లు, మళ్ళీ నీళ్ళు. గట్టు పొడవునా పాతిన కర్రల మీద నల్ల వైరు సాగిపోతోంది. ఆయన నాకు అన్నీ నేర్పాడు. వైరు లోపల ఎనిమిది రంగుల పోగులుంటాయి, వాటిని వరస తప్పకుండా పేర్చి గాజులాంటి పిన్నులోకి తోసి నొక్కాలి. పెట్టెలోకి వెళ్ళే ముందు వైరుని కాస్త కిందికి వంచి మళ్ళీ పైకి తీయాలి, లేకపోతే వాన నీళ్ళు వైరు వెంబడే నడుచుకుంటూ లోపలికి పోతాయి. నాకు భలే సరదా వేసింది. చివర్లో ఆయన నీళ్ళకి అవతలి గట్టు వైపు చెయ్యి చూపించాడు. అక్కడ చెరువులో నీళ్ళు చిలికే మోటార్లకి వెళ్ళే కరెంటు వైరు ఉంది.

"కరెంటు ఆ గట్టు, కెమెరా ఈ గట్టు. మా లెక్క అదండి. రెండూ కలిపి కట్టకూడదు. అందులోనూ ఇనప తీగకి అస్సలు కట్టకండి."

"నా బల్బులు పన్నెండు వోల్టులేనయ్యా. వాటికింత భయమా?" అన్నాను.

"బల్బులు పన్నెండేనండి. వాటి పెట్టెకి వెళ్ళేది ఇంటి కరెంటే కదండీ."

నేను తలూపాను. వినకుండా తలూపడం నాకు కొట్లో అలవాటైన విద్య.

పండగ ఇంకా రెండు రోజులుంది. మేడ గదికీ వీధి పిట్టగోడకీ మధ్య నలభై అడుగుల ఖాళీ డాబా. పైపులో వైరు వెయ్యాలంటే గోడలకి బెజ్జాలు కొట్టాలి, పనివాళ్ళు దొరకరు. తల ఎత్తి చూస్తే సరిగ్గా అదే దారిలో, గది గోడ నుంచి పిట్టగోడ దగ్గరి ఇనప గొట్టం దాకా, బిగించిన తీగ ఒకటి కనిపించింది. అది అమ్మ మడి దండెం.

మడి దండెం గురించి ఈ కాలం వాళ్ళకి చెప్పాలి. అమ్మ స్నానం చేసి తడిపి ఆరేసుకున్న చీర ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆ చీర కట్టుకునే దేవుడి దగ్గరికీ వంట దగ్గరికీ వెళ్తుంది. అందుకని ఆ దండెం మనిషి చేతికి అందనంత ఎత్తులో ఉంటుంది. చీరను పొడవాటి వెదురు కర్రతో ఎక్కించాలి, కర్రతోనే దించాలి. ఇంట్లో ఇంకెవరూ ఆ తీగ జోలికి పోరు, మిగతా బట్టలన్నీ పెరట్లో ఆరతాయి. చిన్నప్పటి నుంచీ ఆ కర్రను చూసి వేళాకోళం చేసినవాణ్ణి నేను. చేప పట్టే గాలం అనేవాణ్ణి.

ఆ ఏడు అమ్మకి కుడి భుజం పట్టేసింది. కర్ర పైకెత్తినప్పుడల్లా మూలిగేది. అందుకని దండెం విప్పి, చేతికందే ఎత్తుకి దించి కట్టాను. అమ్మ మీద ప్రేమతోనే దించాను, ఆ మాట అబద్ధం కాదు. అయితే అంత ఎత్తయితే వైరు కట్టుకోవడం నాకూ సులువు. నల్ల నెట్ వైరు తీగ వెంబడి జానెడుకో ప్లాస్టిక్ టై వేసి కట్టాను. చేతులు ఆడుతున్నాయి కదా అని దాని పక్కనే, అవే టైలలో, పెట్టెకి వెళ్ళే కరెంటు వైరు కూడా పెట్టేశాను. ఇంట్లో మిగిలిన పాత వైరు అది. పొడవు చాలలేదు. మధ్యలో ఒక అతుకు వేసి టేపు మూడు చుట్లు చుట్టాను. ఒక టై సరిగ్గా ఆ అతుకు మీద పడింది. వదులుగా ఉంటే అసహ్యంగా ఉంటుందని పళ్ళు బిగించి మరీ లాగాను. తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి, ఎంత నీటుగా ఉందో చూసుకుని మురిసిపోయాను.

వెదురు కర్ర ఇక అక్కర్లేదనిపించింది. గేటు మీద పెద్ద నక్షత్రం నిలబెట్టడానికి సరిపోతుందని పట్టుకుపోయి కట్టేశాను.

"ఒరే, నా కర్ర ఏదిరా?" అంది అమ్మ.

"ఇంక కర్రెందుకమ్మా? నీ భుజం కోసమే దండెం దించాను. హాయిగా చేత్తో వేసెయ్."

"చేతికందితే అది మడి దండెం ఎలా అవుతుందిరా?"

"నువ్వు తప్ప ఎవరు ముట్టుకుంటారమ్మా దాన్ని?"

"అదంతా నాకు తెలీదు. నా కర్ర నాకు తెచ్చిపెట్టు."

నేను తేలేదు. మర్నాడు పొద్దున చూస్తే నక్షత్రం ఒక పక్కకి ఒరిగిపోయి వేలాడుతోంది. అమ్మ తనే వీధిలోకి వెళ్ళి, ఆ పట్టేసిన భుజంతోనే ముడులు విప్పి కర్ర తెచ్చేసుకుంది. నాకు ఒళ్ళు మండింది. "రేపు పండగ పెట్టుకుని గేటు ముందు ఇదేం పనమ్మా? నీ మడీ నువ్వూ! ఈ కాలంలో కూడా ఈ చాదస్తమేవిటి?" అని వీధిలో వాళ్ళకి వినబడేలా అరిచాను. అమ్మ కర్ర పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కూడా నేను ఊరుకోలేదు. రోజూ పొద్దున ఆమె కర్ర ఎత్తుతుంటే కింద నుంచి, "చేత్తో వెయ్యమ్మా, చేత్తో!" అని కేకేసేవాణ్ణి. ఎన్నిసార్లు అన్నానో నాకు గుర్తుంది. ఆ మాట విని ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తెలుసు.

దీపావళి సాయంత్రం అనుకున్నదానికంటే బాగా వచ్చింది. ఒక్క బల్బూ తడబడలేదు. పెంటపాడు నుంచి చుట్టాలు వచ్చారు. వీధిలో జనం ఆగి ఆగి చూశారు. అమ్మ ఎదురింటి అరుగు మీద కూర్చుని చూసింది. పిట్టగోడ మీద బల్బులు నేను జానెడు జానెడు ఎడంగా పెట్టాను, వరస తప్పకుండా. అవి ఒక్కొక్కటే వెలుగుతూ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్తుంటే, "మీ నాన్న వరసేరా" అంది. అంతే అంది. ఆ ఊపులో, కార్తీక పౌర్ణమి దాకా రోజూ వెలిగిస్తానని వీధి వీధంతటికీ మాటిచ్చేశాను.

వారం తిరక్కుండా ముసురు పట్టింది. సాయంత్రం దీపాలు వేసిన అయిదు నిమిషాలకి ఇంట్లో కరెంటు పోయింది. మీటరు బోర్డులో ట్రిప్పర్ పడిపోయింది. కరెంటు ఎక్కడైనా దారి తప్పితే దానంతటదే ఆరిపోయి మనుషుల్ని కాపాడే స్విచ్చు అది. పైకి లేపాను, పడింది. మళ్ళీ లేపాను, మళ్ళీ పడింది. గేటు దగ్గర పిల్లల్ని ఎత్తుకుని చూడ్డానికి వచ్చినవాళ్ళు నిలబడి ఉన్నారు. నాకు పరువు పోయినంత పనైంది. "తడి తగిలితే చాలు పడి చస్తుంది, పిరికి ముండ!" అని తిట్టి, దాన్ని తప్పించి వైర్లు సూటిగా కలిపేశాను. దీపాలు వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ స్విచ్చు మూడుసార్లు నాకు చెప్పింది, నేను దాని నోరు నొక్కాను.

పగలు కూడా ఆ వైరుకి కరెంటు తీసేవాణ్ణి కాదు. పెట్టె మళ్ళీ మొదలవడానికి ఆలస్యమవుతుందని నా బద్ధకం.

మూడో రోజుకి కుడివైపు బల్బుల రంగులు మారడం మొదలైంది. నెట్ వైరు ఎక్కడో పాడైందనుకుని కొల్లేటికోట ఆయనకి ఫోన్ చేశాను. మర్నాడు నల్లజర్లలో పని ఉందనీ, దారిలో వస్తాననీ అన్నాడు. అన్నట్టే పొద్దున్నే వచ్చాడు. ముసురు తెరిపి ఇచ్చింది గానీ డాబా అంతా తడి. అమ్మ కార్తీక స్నానం చేసి, తడి చీర బకెట్లో వేసుకుని, కర్ర పట్టుకుని అప్పటికే పైకి వెళ్ళింది. మేమిద్దరం కాఫీ తాగి వెనకే మెట్లెక్కాం. నేను ముందు, ఆయన వెనక.

పైకి వచ్చేసరికి అమ్మ కర్ర కొసతో చీరను తీగ మీదికి తోస్తోంది. నేను అలవాటు కొద్దీ, "చూశావా, ఎంత చెప్పినా ఆ కర్ర వదలదు" అని నవ్వుతూ వెనక్కి తిరిగాను. ఆయన నవ్వడం లేదు. తీగకి వరసగా కట్టిన నా టైలను చూస్తున్నాడు.

"అమ్మగారూ!" అని అరిచాడు. అంత గొంతు ఆయనకుందని నాకు తెలీదు. "కదలకండి! ఆ చీర కొస పట్టుకోకండి! కర్ర వదిలేసి అలాగే వెనక్కి రండి!"

చీర తీగ మీద సగం జారి, అంచు సరిచెయ్యాల్సినట్టు వంకరగా ఉంది. అమ్మ ఎడమ చెయ్యి ఆ అంచు వైపు చాచి ఉంది. మడి చీర కాబట్టి తను ముట్టుకోవచ్చు. ఆ చెయ్యి ఆగింది. చీర అంచు నుంచి నీళ్ళు డాబా మీద పడుతున్నాయి. ఆ తడిలోనే అమ్మ వట్టి కాళ్ళతో నిలబడి ఉంది. ఆమె మెల్లిగా రెండడుగులు వెనక్కి వేసింది, కర్ర మాత్రం వదల్లేదు.

ఆయన చెప్పులు సరిచూసుకుని, పొడిగా ఉన్న గది గడప మీదికి వెళ్ళి, గోడ దగ్గర తీగకి టెస్టర్ ఆనించాడు. చుక్క వెలిగింది. చిన్న ఎర్ర చుక్క. నేను మెట్ల దగ్గరే కూలబడ్డాను. అమ్మ ఆ తీగ దగ్గర మూడు పొద్దులు నిలబడిందనీ, చేత్తో వెయ్యమని మూడు పొద్దులూ నేను కేకలేశాననీ, ఆ రెండూ ఒకదానివెంట ఒకటి బుర్రలోకి వచ్చాయి. ఇంకేమీ రాలేదు.

ఆయన కిందికి పరిగెత్తి మెయిన్ తీసేసి వచ్చాడు. టై కత్తిరించి అతుకు విప్పి చూపించాడు. తడిసిన టేపు ఊడిపోయి ఉంది. రాగి పోగులు ఇనప తీగని ఆనుకుని తళతళలాడుతున్నాయి. నన్ను తిడతాడనుకున్నాను, తిట్టాల్సిందే. ఆయన నా పక్కన కూర్చున్నాడు.

"మా అన్నయ్యని ఇలాంటి తీగ దగ్గరి నుంచే ఎత్తుకొచ్చామండి. గట్టు మీద" అన్నాడు.

కొల్లేటికోటలో నాకు అంత వివరంగా ఎందుకు చెప్పాడో అప్పుడర్థమైంది. నేను తలూపి వచ్చాను.

"ఏవైందిరా?" అంది అమ్మ.

"తీగలోకి కరెంటొచ్చిందండి అమ్మగారూ" అన్నాడు ఆయన.

"అదా! నిన్నా మొన్నా పాదాలు జివ్వుమంటుంటే ఏవిటో అనుకున్నాను" అంది. చీర ఆరేసుకోనిస్తారా లేదా అన్నట్టు మా ఇద్దరి వంకా చూసింది.

నేను రెండోసారి కూలబడ్డాను. ఈసారి కూర్చునే ఉన్నాను కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఆ రోజు కొట్టు తెరవలేదు. మధ్యాహ్నం అమ్మ భోజనం చేసి తుంగచాప మీద నడుం వాల్చింది. దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. మెత్తగా అడుగుదామనుకుని వెళ్ళినవాణ్ణి అరిచేశాను.

"పాదాలు జివ్వుమంటే చెప్పద్దా అమ్మా? చచ్చిపోయేదానివి! అర్థమవుతోందా నీకు?"

"అరవకు. మీ ఆవిడ పడుకుంది."

"ఎందుకు చెప్పలేదు?"

అమ్మ నావైపు ఒత్తిగిల్లింది. "కరెంటేమోనని అనుమానం వచ్చిందిరా. మీ నాన్న ఇస్త్రీపెట్టె ఓసారి అలాగే జివ్వుమనేది. చెప్తే నువ్వు ఆ దీపాలన్నీ పీకేస్తావు."

"పీకేస్తే?"

"నిరుడు ఆ గోడ మీద ఒక్క దీపం లేదు" అంది. "నువ్వు నెల్లాళ్ళు ఎండలో పడి లాగావు. ఆయన వరసలాగే పెట్టావు. పౌర్ణమి ఇంకెన్ని రోజులు లెమ్మని, జివ్వుమన్నప్పుడల్లా ఓ అడుగు వెనక్కి వేసేదాన్ని."

నేను ఏడ్చాను. యాభై రెండేళ్ళ మనిషిని, గడ్డం నెరిసినవాణ్ణి, చాప అంచు పట్టుకుని ఏడ్చాను. అమ్మ నా వీపు మీద చెయ్యి వేయబోయి, మడి గుర్తొచ్చి కాబోలు ఆగింది. తర్వాత, ఫరవాలేదన్నట్టు వేసేసింది. మళ్ళీ స్నానం చెయ్యాలి ఆమె. ఆ తడి పొద్దున స్నానం చేసిన మనిషి సాయంత్రం మళ్ళీ చేసింది.

కొల్లేటికోట ఆయన నల్లజర్ల పని మానుకుని రెండు రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. కరెంటు ఒక గోడ మీద పైపులో, నెట్ వైరు ఎదుటి గోడ మీద వేరే పైపులో వేశాడు. కరెంటు ఆ గట్టు, దీపాల మాట ఈ గట్టు. ట్రిప్పర్ కొత్తది పెట్టి, నా చేతే దాని పరీక్ష మీట నొక్కించి, పడుతోందని చూపించాడు. పౌర్ణమికి దీపాలు వెలిగాయి. వీధిలో వాళ్ళు దీపాలు చూశారు. నేను అమ్మ పాదాలు చూస్తూ నిలబడ్డాను.

దండెం మళ్ళీ పైకి వెళ్ళింది. ఇనప తీగ తీసేసి నైలాన్ తాడు కట్టాను. భుజం నొప్పి తగ్గలేదు, కర్ర కూడా మారలేదు. వేళాకోళం మాత్రం మానేశాను.

నైలాన్ తాడులో కరెంటు రాదు. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. అయినా చొక్కా జేబులో పెన్ను పక్కన నాకో టెస్టరుంది. రోజూ పొద్దున అమ్మ కంటే ముందు మేడెక్కి, స్టూలు వేసుకుని, తాడు ఈ చివరా ఆ చివరా ఆనించి చూస్తాను. అమ్మ తడి చీర బకెట్టూ కర్రా పట్టుకుని మెట్ల గది గడప అవతల నిలబడుతుంది. నాన్నకి వత్తులు అందించిన గడప అది.

"అయిందా నాన్నా?" అంటుంది.

"అయిందమ్మా. రా" అంటాను.